నాగమాతలు



మొన్న నాగులచవితినాడు పుట్టకడనుండి ఇల్లు చేరిన వెంటనే మా చిన్నది మమ్మొక ప్రశ్న యడిగినది. దానికి ఎనిమిదేండ్ల వయస్సు. ముందటి రాత్రి నిద్రవేళ దానికి భారతములోని కద్రూవినతల కథ చెప్పియుంటిమి. "అమ్మా, కద్రువ వేయి గ్రుడ్లు పెట్టినది కదా! వేయింటిమీద ఒక్కతే ఎట్లు కూర్చున్నది? పొరుగింటి కోడి పదునైదు గ్రుడ్లమీద కూర్చుంటేనే అంచున ఉన్నవి మురిగిపోయినవి కదా!" అని దాని సందేహము.

మేము పండ్రెండవయేట మా నాయనగారికడ ఆదిపర్వము చదివితిమి. పద్యములు వల్లించితిమి, ప్రతిపదార్థములు చెప్పి మెప్పు పొందితిమి. ఇన్నియేండ్లలో ఈ సందేహము మాకు కలుగలేదు. కావున ఆ రాత్రి పనులు తీరిన పిదప ఆదిపర్వమును మరల తెరచితిమి. పాములను గూర్చిన పుస్తకములను మావారు పాఠశాలనుండి తెచ్చిపెట్టిరి. పురాణములోని నాగజాతికిని, మన కొండలలోని నాగజాతికిని గల పోలికలను వెదకుచు మేము తెలిసికొనిన సంగతులను, వానితోపాటు మా యింటి సంగతి నొకదానిని, ఈ మాసమున మీకు విన్నవించుచున్నాము.

కశ్యపప్రజాపతికి భార్యలైన కద్రువయు వినతయు అప్పచెల్లెండ్రు. భర్త ప్రసన్నుడై వరము కోరుమనగా, కద్రువ సమానతేజస్సుగల వేయిమంది కుమారులను కోరెను. వినత ఆ వేయిమందిని మించిన ఇరువురు చాలుననెను. కాలక్రమమున కద్రువకు వేయి గ్రుడ్లును, వినతకు రెండు గ్రుడ్లును కలిగెను. ఇక మా చిన్నదాని సందేహమునకు సమాధానమేమనగా, కద్రువ గ్రుడ్లమీద కూర్చుండనే లేదు. వానిని కుండలలో భద్రపరచిరి. సంస్కృతభారతమున అవి వెచ్చని ఆవిరిగల పాత్రలు. నన్నయభట్టారకుడు వానిని నేతికుండలుగా చెప్పెను. అట్లు అయిదువందల యేండ్లు గడచెను.

ఈ కుండల మాట మాకు మొదట వింతగా తోచెను. పాముల స్వభావము తెలిసిన కొలది ఆ వింత తగ్గెను. పక్షిగ్రుడ్డునకు తల్లి యొడలి వేడిమి కావలెను. పాముకు తనదైన వేడిమి లేదు. చుట్టునున్న నేలయు గాలియు ఎంత వెచ్చననో దాని దేహమును ఇంచుమించుగా అంతే. దాని గ్రుడ్డు పెంకు కోడిగ్రుడ్డు పెంకువలె పెళుసుగా నుండక తోలువలె మెత్తగా నుండును. ఆ గ్రుడ్డునకు కావలసినవి మందమైన వెచ్చదనము, తగినంత తేమ, కదలింపు లేని చోటు. వెచ్చదనమును తేమయు నిలుచు పాత్రలో దానిని దాచిన కవి పాముగ్రుడ్డు స్వభావమునకు దూరముగా పోలేదు.

అన్ని పాములును ఒకే తీరున సంతానమును కనవు. అనేకములు ఎలుకకన్నములోనో, కుళ్లిన ఆకులక్రిందనో గ్రుడ్లు పెట్టి తమ దారిని తాము పోవును. రక్తపింజర గ్రుడ్లు పెట్టక పిల్లలనే కనును. త్రాచు తన గ్రుడ్లకడ కావలియుండుట కలదు. కొండచిలువ గ్రుడ్లచుట్టు చుట్టలు చుట్టుకొని, కండరములను వణకించి, ఆ వణకుచేత వేడిమి పుట్టించి వానిని కాచును. తనకు లేని వేడిమిని బిడ్డలకొరకు పుట్టించు తల్లిని మేము అన్యత్ర వినియుండలేదు. అయినను గూడు కట్టి గ్రుడ్లు పెట్టు పాము ఒక్కటే యున్నది. అది గిరినాగు.

గిరినాగును కొందరు రాచనాగు అనియు అందురు. విషముగల పాములలో ఇంత పొడవైనది మరియొకటి లేదు. పది పండ్రెండడుగులు సామాన్యము. పదునెనిమిది అడుగులవరకు పెరిగినవియు కలవు. దాని ముఖ్యాహారము తక్కిన పాములు. 1836వ సంవత్సరమున కాంటరను శాస్త్రజ్ఞుడు దీనిని మొదట వర్ణించి పేరిడెను. ఇది యంతయు ఒకే జాతియని చాలకాలము తలచిరి. 2024లో శాస్త్రజ్ఞులు దీనిని నాలుగు జాతులుగా విభజించి, పడమటి కనుమలలోని దానికి కన్నడిగులు పిలుచు 'కాళింగ' నామమునే స్థిరపరచిరి. మన తూర్పుకనుమలలో శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణముల వైపు కొండలలో గిరినాగు ఇప్పటికిని కలదు.

ఎండలు ముదురకముందే వీని వివాహకాలము వచ్చును. ఆడుది తన త్రోవలో వాసనను విడుచుచు పోవును. మగది చీలికల నాలుకతో ఆ వాసనను గ్రహించుచు వెంబడించును. రెండు మగవి ఒకచోట కూడినచో ద్వంద్వయుద్ధము తప్పదు. అవి ఒకదానినొకటి పెనవేసికొని, పడగెత్తి, ఎదుటిదాని తలను నేలకు నొక్కజూచును. కాటువేయుట ఆ యుద్ధధర్మములో లేదు. తల నేలకు తగిలినది ఓడినట్లు, అది తొలగిపోవును. మన పల్లెలలో జెర్రిపోతులు రెండు పెనవేసికొని ఆడుచుండగా చూచి, ఆలుమగల సయ్యాటయని తలచి, శుభమని క్రొత్తబట్ట పరచువారు కలరు. అది తరచుగా రెండు మగపాముల పోరే. గిరినాగులలో మగది ఆడుదానినే చంపుటయు పరిశోధకుల కంటబడినది. ఆ జాతి సంసారమంతయు సుకుమారమని మేము చెప్పజాలము.

ఏడెనిమిదేండ్ల క్రిందట మావారికి మన్యపు అంచుననున్న యొక యూరికి బదిలీయయ్యెను. అచట వైశాఖమాసమున ఒకనాడు ఊరివెలుపలి వెదురుపొదకడ గిరినాగు గూడు కట్టినదని గగ్గోలు పుట్టినది. ఎండుటాకులే కదా, అగ్గిపుల్ల గీసినచో పీడ విరగడయగునని కొందరు పడుచువాండ్రనిరి. ఇంతలో అటవీశాఖవారు వచ్చి, దూరముగా త్రాడు కట్టి, ఆ వైపునకు పశువులనైనను తోలవద్దని చెప్పిపోయిరి. కట్టెలేరుకొను ఒక ముసలమ్మ వెంట పోయి త్రాటికీవల నిలిచి మేమును చూచితిమి. మోకాలెత్తునకు కొంచెము తక్కువగా ఒక ఆకులకుప్ప, అంతే. కన్ను అలవాటుపడిన కొంతసేపటికి దానిమీద ఎండుటాకుల వన్నెలోనే కలిసిపోయిన ఒక లావుపాటి చుట్ట కనబడెను. అది కదలలేదు. మేమును కదలలేదు.

"తల్లిపామమ్మా అది. పిల్లలయ్యేదాకా ఉంటాది. అయినాక దానంతట అదే పోతాది" అని ముసలమ్మ చెప్పినది.

ఆమె మాటలో ఎంత నిజమున్నదో తరువాత చదివి తెలిసికొంటిమి. గిరినాగునకు చేతులు లేవు. పక్షికివలె ముక్కును పనికిరాదు. అయినను అది తన దేహమును కొక్కెమువలె వంచి, నేలమీద రాలిన ఆకులను చుట్టుప్రక్కలనుండి దగ్గరకు లాగి, కుప్పగా పేర్చి, చుట్టలతో అదిమి గట్టిచేయును. లోపల ఇరువదిమొదలు నలువదివరకు గ్రుడ్లు పెట్టి మీద మరల ఆకులు కప్పును. లోపలి ఆకులు మెల్లమెల్లగా కుళ్లుచు వేడిమినిచ్చును. పై ఆకులు పూరియింటి కప్పువలె వానను జార్చివేయును. కద్రువ కుండలు మాకు వెంటనే జ్ఞప్తికి వచ్చినవి. గూడు ముగిసిన పిదప తల్లి దానిమీదనే చుట్టచుట్టుకొని యుండును. కొన్ని తల్లులు కొలది దినములే యుండును. కొన్ని నెలలకొలది విడువక కాచును. కాచినంతకాలము తరచుగా ఆహారమే ముట్టవు.

గ్రుడ్లు పిల్లలగుటకు ఇంచుమించు రెండున్నర మూడు నెలలు పట్టును. పిల్ల ముక్కు కొనయందు చిన్న పన్ను వంటిది ఒకటుండును. దానితో పిల్ల లోపలినుండి పెంకును చీల్చుకొని, తల మాత్రము వెలికి పెట్టి, తొందరపడక కొంతకాలము అందే యుండును. లోపల మిగిలిన పచ్చసొన దాని దేహములోనికి ఇంకవలెను. అటుపిమ్మట బయటికి వచ్చును. అడుగున్నర మొదలు రెండడుగులవరకు పొడవుండి, నల్లని యొడలిపై తెల్లని, పసుపుపచ్చని పట్టెలతో అది కనుపట్టును. పుట్టిననాడే దానికి విషము కలదు. ఆహారము తెచ్చిపెట్టువారు లేరు. సామాన్యముగా అప్పటికి తల్లి గూటిని విడిచిపోయి యుండును. పాములను తినుట ఆ తల్లి స్వభావము గనుక, ఆకలిగొనిన నోటికి బిడ్డలు ఎరగాకుండ ముందే తొలగుచున్నదని కొందరు ఊహింతురు.

ఇందు మా మనస్సున నాటుకొనిన సంగతి యొక్కటి కలదు. అంతకాలము కాచిన ఆ తల్లి ఒక్క గ్రుడ్డునైనను తాను పగులగొట్టదు. పగులగొట్టవలసినది లోపలనున్నవాడు. ఇక్కడనే వినత జ్ఞప్తికి వచ్చును.

అయిదువందల యేండ్లు నిండగా కద్రువ గ్రుడ్లు పగిలి శేషుడు, వాసుకి, తక్షకుడు మొదలగు కుమారులు బయలుదేరిరి. వినత గ్రుడ్లు రెండును కదలలేదు. ఎదుటియింట వేయిమంది పిల్లలు ఆడుచుండగా తన యింట రెండు మూగగ్రుడ్లు. ఆమెకు సిగ్గు కలిగెను. సవతిపైని అసూయయు తోడయ్యెను. ఓర్వలేక ఒక గ్రుడ్డును తానే పగులగొట్టెను. లోపలి బిడ్డకు నడుముపై భాగము మాత్రమే ఏర్పడియుండెను. క్రింది భాగము ఇంకను రూపొందలేదు. ఆ బిడ్డ అనూరుడు. "నీ తొందరచేత నన్నిట్లు చేసితివి గనుక, ఎవతెతో పోటీపడితివో ఆమెకే అయిదువందల యేండ్లు దాసివి కమ్ము. రెండవ గ్రుడ్డునైనను ఓర్పుతో కాపాడుకొనుము, వాడే నిన్ను విడిపించును" అని తల్లితో చెప్పి అతడు సూర్యునికి సారథియయ్యెను. రెండవ గ్రుడ్డును వినత ముట్టలేదు. అందుండి గరుత్మంతుడు పుట్టెను.

ఈ కథను బిడ్డలకు చెప్పునప్పుడు వినతను నిందించుట సులభము. మేమును ఒకప్పుడు నిందించినవారమే. ఇక మా యింటి సంగతి చెప్పెదము.

మా పెద్దవానికిని మా తోటికోడలి కుమారునికిని నెలయే తేడా. ఆ బాలుడు అయిదవయేటనే వార్తాపత్రికలోని పెద్ద అక్షరములను తడబడక చదివెడివాడు. పండుగలకు అందరమును అత్తవారింట కూడినప్పుడు వానిని ముక్కాలిపీటమీద నిలువబెట్టి చదివించెడివారు. మావాడు ఆ వేళ మా చీరచెంగు పట్టుకొని చూచుచుండెడివాడు. అయ్యవారి కొడుకు ఇంకను చదువడేమని ఒకరు నవ్వుచు అడిగిరి. ఆ నవ్వు మమ్ము నిద్రపోనీయలేదు. ఇంటికి వచ్చిన మరునాటినుండి రాత్రి తొమ్మిది గంటలవరకు వానిచేత వ్రాయించితిమి. మొదటి తరగతి అనవసరమని చెప్పి, మావారు వలదనుచుండగనే పట్టుపట్టి, వానిని తిన్నగా రెండవ తరగతిలో కూర్చుండబెట్టించితిమి.

నాలుగు నెలలలో వాడు రాత్రులు ప్రక్క తడుపసాగెను. పలకను చూచిన మంచముక్రింద దూరెడివాడు. నలుగురిలో చదువుమన్నచో మొదటి మాట వాని గొంతులోనే చిక్కుకొనెడిది. మేము దానిని మొండితనమనుకొంటిమి. ఒకనాడు చేయియు చేసికొంటిమి. వాడు ఏడ్వలేదు. "అమ్మా, నాకింకా రాదే" అని మాత్రమనెను. వాడు శాపము పెట్టలేదు. పెట్టియున్నను అంతకంటె మాకు తగిలియుండదు. ఆ సాయంకాలము మావారితో చెప్పి, మరునాడే వానిని మొదటి తరగతికి పంపితిమి.

వాడు ఇప్పుడు పండ్రెండేండ్లవాడు. చక్కగా చదువుకొనుచున్నాడు, కథలపుస్తకము చేతబట్టినచో అన్నము మాటయే మరచును. అయినను పరులయెదుట పైకి చదువవలసినప్పుడు మొదటి మాట నేటికిని ఒక్కక్షణము వాని గొంతులో ఆగును. తరగతిలో ఎవ్వరును దానిని గమనింపకపోవచ్చును. మాకు మాత్రము అది వినబడును. అది మేము పగులగొట్టిన పెంకు చప్పుడు. మా చిన్నది ఏడవయేటగాని కూడబలుకుకొని చదువలేదు. దానిని మేము తొందరపెట్టలేదు. దానికి ఆ మేలు దాని యన్నవలన కలిగినది.

ఆరేండ్లు నిండిన పిదపనే మొదటి తరగతియని 2020వ సంవత్సరపు జాతీయ విద్యావిధానము చెప్పుచున్నది. అంతకుముందు ఆటపాటలే చదువని దాని భావము. అయినను వేసవి ముగియువేళ మూడేండ్ల బిడ్డను చంకనెత్తుకొని, వీనికి నూరువరకు అంకెలు వచ్చును, పైతరగతిలో చేర్చుకొనుడని మావారిని బ్రతిమాలుటకు వచ్చు తల్లులను మేము ఏటేట చూచుచున్నాము. వారిని చూచి మేము నవ్వము. ఎదుటియింట పిల్లలు ఆడుచుండగా మన గ్రుడ్డు కదలకుండుట ఎట్టి బాధయో మాకు తెలియును. లోపలికి పిలిచి, మంచినీళ్లిచ్చి, మా పెద్దవాని సంగతి చెప్పెదము.

ఓర్పు గ్రుడ్డుతోనే ముగిసినను చాలదు. కద్రువను చూడుడు. గ్రుడ్లను అయిదువందల యేండ్లు కాచిన ఆమె ఓర్పు, పిల్లలు మాట వినని ఒక్క గడియలో ఎచటికి పోయెనో! ఉచ్చైశ్శ్రవము తోక నల్లనిదని వినతతో పందెము వేసి, గెలుచుటకై ఆ తోకను నల్లని వెండ్రుకలవలె పట్టి వ్రేలాడుడని కుమారులను ఆజ్ఞాపించెను. అది అధర్మమని వారనగా, జనమేజయుని సర్పయాగమున కాలిపొండని శపించెను. పందెము తల్లిది, మంట బిడ్డలది. మన పందెములకు మన బిడ్డలను తోకలుగా వాడుకొనుట కద్రువతోనే ఆగిపోలేదు.

ఆ నాగజాతిని నిలిపినది మరియొక తల్లి. ఆమె వాసుకి చెల్లెలు జరత్కారువు. అదే పేరుగల మునికి ఆమెనిచ్చి వివాహము చేసిరి. తనకు అప్రియము చేసిననాడే విడిచిపోదునని ఆ ముని నియమము. ఒక సాయంకాలము అతడు ఆమె తొడపై తలయిడి నిద్రించుచుండగా సూర్యుడు అస్తమింపబోయెను. మేలుకొలిపినచో భర్తకు కోపము, మేలుకొలుపకున్నచో సంధ్యాలోపము. గృహిణులకు ఈ ఇరకాటము క్రొత్తది కాదు. ఆమె మేలుకొలిపెను. అతడు వెడలిపోయెను. పోవుచు ఆమె గర్భమును గూర్చి "అస్తి", ఉన్నది, అని చెప్పెను. ఆ మాటయే బిడ్డకు పేరై ఆస్తీకుడయ్యెను. మేనమామ యింట తల్లి వానిని పెంచి, వేదములు చదివించి, వేళ వచ్చినప్పుడు దాపరికము లేక కులము ఆపదను తెలిపి, రగులుచున్న యాగమునకు పంపెను. ఆ బాలుడు తన వాక్కుతో రాజును మెప్పించి యాగము నాపించెను. తక్షకుడును, మిగిలిన నాగులును బ్రతికిరి. కాచుట యెరిగిన తల్లికి పంపుటయు తెలియవలెను. వెదురుపొదకడ ముసలమ్మ చెప్పిన "దానంతట అదే పోతాది" యను మాటలో ఈ ధర్మమే కలదని మాకు తోచును. అయినను మనుష్యశిశువునకు పుట్టుకతోనే విషమును పడగయు లేవు గనుక, మనము కాచవలసిన దినములు మెండు.

కొండప్రాంతములలో నున్న సోదరీమణులకు ఒక మాట. వేసవిలో వెదురుపొదలలోనో తోటలలోనో ఎండుటాకుల కుప్ప వింతగా పేర్చినట్లు కనబడినచో కెలుకకుడు, నిప్పు పెట్టనీయకుడు. బిడ్డలను, పశువులను, కుక్కలను దూరముగా నుంచి అటవీశాఖవారికి తెలియజేయుడు. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము గిరినాగును రక్షించుచున్నది. మన దేశమున సామాన్యముగా దొరకు పాముకాటు మందు త్రాచు, కట్లపాము, రక్తపింజర, ఇసుకపింజర విషములకొరకు తయారైనది. గిరినాగు విషమునకు ఉద్దేశించినది కాదు. కావున దూరమే మేలైన మందు. కాటు పడినచో మంత్రములని, పసరులని జాగుచేయక ఆస్పత్రికే చేర్పవలెను.

ఇదంతయు మా చిన్నదానికి తెలిసినంత విడమరచి చెప్పితిమి. అది కొంతసేపు ఆలోచించి, "అయితే అమ్మా, వినత రెండో గ్రుడ్డుకోసం ఇంకా అయిదువందల ఏండ్లు ఊరకే కూర్చున్నదా?" అని యడిగినది.

ఊరక కూర్చుండలేదు తల్లీ, దాసీపని చేయుచు కాచినదని చెప్పితిమి. ప్రక్కగదిలో పెద్దవాడు మరునాటి పాఠమును పైకి చదువుచుండెను. మొదటి మాటకడ ఆగెను. మేము లేచి పోలేదు, అందీయలేదు. కొంతసేపటికి వాడే అందుకొనెను.